మావయ్య డొమైన్లు, నా ఆషాఢం

కొంతమందికి ఏ ఊరెళ్లినా స్టీలు గిన్నెలు కొనే అలవాటుంటుంది. మా మావయ్యకి డొమైన్లు, అంటే వెబ్‌సైట్ల పేర్లు, కొనే అలవాటు. దుకాణానికి వచ్చినవాళ్లెవరో "ఊరి పేరూ సరుకు పేరూ కలిసొచ్చేలా ఒక డొమైన్ ఉంటే గూగుల్‌లో మనమే ముందుంటామండీ" అంటారు. సాయంత్రానికల్లా అది కొనేసి ఉంటాడు. 2023 వేసవిలో కూర్చుని లెక్కేస్తే ఆరు తేలాయి.

మాది బరంపురం. ఒడిశాలోదే, గంజాం జిల్లా. ఈ ముక్క ముందే ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది. మావయ్యది పట్టుబట్టల వ్యాపారం. కుంభం అంచు చీరలు, మగవాళ్లకి పట్టు జోడాలు (పంచె, ఉత్తరీయం జత). పర్లాకిమిడిలో ఒక బ్రాంచి, రాయగడలో ఒక బ్రాంచి. దుకాణం పేరుతో అసలు సైటు ఒకటి ఉంది. 'బరంపురం పట్టు' అని అర్థం వచ్చేలా ఇంకొకటి, జోడాలకి ఇంకొకటి, రెండు బ్రాంచీలకీ చెరొకటి. ఆరోది మా అత్తయ్యది. తను అప్పడాలు, పచ్చళ్లు, ఊరమిరపకాయలు చేయించి అమ్ముతుంది. ఆ సైటు మాత్రం ఎవరో చెప్తే కొన్నది కాదు. ఐదారేళ్లపాటు అత్తయ్య తెలుగులో చెప్తుంటే మా చెల్లి టైపు చేసి పెట్టినది.

నేను దుకాణంలో లెక్కలు చూస్తాను, వెబ్‌సైట్ల పని కూడా నా నెత్తినే ఉంది. ఒక చీర ధర మారితే ఐదు చోట్ల మార్చాలి. ఎప్పుడూ ఒక చోట మర్చిపోతాను. పర్లాకిమిడి సైటులో పాత ధర చూసి ఒకాయన పాతపట్నం నుంచి బండేసుకుని వచ్చాడు. ఆ రోజు ఆ ధరకే ఇచ్చి పంపించాం. ఆ రాత్రే అన్నీ ఒక్క చోటికి చేర్చేద్దాం అని మావయ్యతో అన్నాను.

వెంటనే ఒప్పుకున్నాడు. కాకపోతే ఒప్పుకున్న కారణం వేరు. "ఆరు సైట్ల బలం ఒక్క దాంట్లోకి వస్తే ఇంక మనల్నెవడు ఆపుతాడ్రా?" అన్నాడు. ఆరు కుంచాల బియ్యం ఒక్క గాదెలో పోస్తే ఆరు కుంచాలూ ఉంటాయి కదా అని ఆయన లెక్క. ర్యాంకులు బియ్యం కావు. ఒక సైటుకి బయటి నుంచి వచ్చిన లింకుల విలువ రీడైరెక్టు (పాత చిరునామాకి వచ్చినవాళ్లని దానంతటదే కొత్తదానికి తిప్పే ఏర్పాటు) ద్వారా కొత్త చిరునామాకి వెళ్తుంది. అందులో తరుగు పోదని గూగుల్ ఉద్యోగి గ్యారీ ఇల్యెస్ 2016లో చెప్పాడు కూడా. కానీ వెళ్లడానికంటూ ఏదో ఒకటి ఉండాలి కదా. బ్రాంచి సైట్లకి బయటి నుంచి లింకిచ్చిన నాథుడే లేడు. ఇక డొమైన్ పేరులో సరుకు పేరుంటే చాలన్న రోజులు 2012 సెప్టెంబరులోనే పోయాయి. నాసిరకం సైటు పేరు బలంతో పైకి రాకుండా గూగుల్ అప్పుడే ఒక మార్పు చేసింది. మావయ్య తన రెండో డొమైన్ కొన్నది ఆ తర్వాతే.

అసలు దుకాణం డొమైన్ కింద ఫోల్డర్లుగా (ఆ పేరు తర్వాత గీత పెట్టి రాసేవి) పెట్టాలా, సబ్‌డొమైన్లుగా (ఆ పేరు ముందు చుక్క పెట్టి చేర్చేవి) పెట్టాలా అన్న దగ్గర వారం పోయింది. రెండూ మాకు ఒకటేనని గూగుల్ తరఫున జాన్ ముల్లర్ 2017 డిసెంబరులో ఒక వీడియోలో చెప్పాడు. ఈ పనిలో ఉన్నవాళ్లు చాలామంది ఆ మాట నమ్మరు. ఫోల్డరే మేలని వాదిస్తారు. మాకు పాత సైట్లు చేసిపెట్టిన కుర్రాడేమో సబ్‌డొమైనే అన్నాడు. పాండా (నాసిరకం సైట్లని కిందికి నెట్టడానికి గూగుల్ చేసిన మార్పు) దెబ్బ తిన్న హబ్‌పేజెస్ అనే వ్యాసాల సైటు 2011లో రచయితకొక సబ్‌డొమైన్ ఇచ్చి కొంత కోలుకుంది కదా అని ఉదాహరణ చెప్పాడు. ఆ ఉదాహరణ మాకు అతకదు. వాళ్లు ఉన్నదాన్ని విడగొట్టారు, మేం విడిగా ఉన్నవాటిని కలుపుతున్నాం. చివరికి తేల్చింది వాదన కాదు, అవసరం. దుకాణం సైటు వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉంది, అత్తయ్య అప్పడాల సైటు వేరే కంపెనీ షాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఫోల్డర్ కావాలంటే రెండూ ఒకే సర్వర్ వెనక నిలబడాలి. సబ్‌డొమైన్ అయితే డీఎన్ఎస్‌లో (ఏ పేరు ఏ సర్వర్‌కి వెళ్లాలో రాసుండే చోట) ఒక్క లైను రాసి అటు తిప్పితే సరి. నా చేతనైనది రెండోది. అదే చేశాను.

ముహూర్తం మాత్రం నా అదృష్టం. గూగుల్ తన సూచనల్లో రద్దీ తక్కువున్న రోజుల్లో సైటు మార్చుకోమంటుంది. మాకది ఆషాఢం. ఆ ఏడాది ఆషాఢం అవగానే అధిక శ్రావణం వచ్చింది. జూన్ మూడో వారం నుంచి ఆగస్టు సగం దాకా పెళ్లిళ్లే లేవు. దుకాణంలో ఫ్యాన్ చప్పుడు వినపడేది. ఇలాంటి రెండు నెలల ఖాళీ మళ్లీ ఎప్పుడో గానీ రాదు.

ముందు పాత లెక్కలు దాచుకున్నాను. సైటుకి ఎంతమంది వచ్చారో లెక్కేసే పాత గూగుల్ అనలిటిక్స్ 2023 జులై 1తో ఆగిపోయింది, కొత్తది లెక్కేసే పద్ధతి వేరు. దాంతో ఆ రెండూ పోల్చి చూడడం కుదరదు. మన సైటు గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపించే సెర్చ్ కన్సోల్ 16 నెలల వివరాలే ఉంచుతుంది. ఆరు సైట్లవీ డౌన్‌లోడ్ చేసి ఎక్సెల్‌లో పెట్టుకున్నాను. జనం ఏమని వెతికి మన దగ్గరికొస్తున్నారో అంత దగ్గరగా చూడడం నాకు అదే మొదటిసారి.

అక్కడ తెలిసిందేమిటంటే, మాకు అసలు పోటీ పక్క దుకాణం కాదు. మరో బరంపురం! పశ్చిమ బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం కూడా బహరంపూరే. ఇంగ్లీషు స్పెల్లింగులో మాకూ వాళ్లకీ ఒకటి రెండు అక్షరాలే తేడా. పైగా ముర్షిదాబాద్ కూడా పట్టుకి పేరున్న చోటే. ఊరి పేరూ 'సిల్క్' అనే మాటా కొడితే గూగుల్ ఒక్కోసారి అటు తీసుకుపోతుంది. మా ఊరి అధికారిక పేరు బ్రహ్మపుర్, రైల్వే స్టేషన్ బోర్డు మీదా అదే. ఒడియావాళ్లు అలాగే వెతుకుతారు. పట్టుని వాళ్లు 'పాట' అంటారు. 'బ్రహ్మపుర్ పాట' అని చూసి, ఎవరో పాటల కోసం వెతికి దారి తప్పి మన సైటుకి వచ్చారని కొన్నాళ్లు నేను ఆ మాటని లెక్కలోంచి తీసేసేవాణ్ని. బట్టల దుకాణంలో లెక్కలు రాసేవాడి తెలివి అది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు మనవాళ్లు 'బరంపురం పట్టు' అని తెలుగులో కొడతారు. మా ఆరు సైట్లలో ఈ మూడు పేర్లూ కలిపి ఉన్న పేజీ ఒక్కటీ లేదు.

తర్వాత జాబితా. పాత పేజీ చిరునామా ఎడమ గడిలో, కొత్త చిరునామా కుడి గడిలో. పాత కుర్రాడు "ఇంత అవసరం లేదన్నా, అన్నిటినీ కొత్త హోమ్ పేజీకి తోలేస్తే పోతుంది" అన్నాడు. అలా తోలేస్తే, కావలసిన పేజీ అక్కడ లేదని గూగుల్ గ్రహించి దాన్ని లేని పేజీ కిందే జమకడుతుంది. ఏ పేజీకి ఆ పేజీ చూపించాలి, అదీ 301 అనే శాశ్వత రీడైరెక్టుతో. నాలుగు రాత్రులు పట్టింది. సగం చీరల పేజీలు స్టాకు లేనివి, కొన్నయితే ఎప్పుడో పోయిన డిజైన్లు. వాటికి దగ్గరి చీర ఏదో అత్తయ్యని అడిగి రాసుకున్నాను. అది మావయ్యకి తెలియదు, ఆవిడకి తెలుసు.

రాయగడ సైటు ముందు మార్చాను, పోయినా పెద్దగా నష్టం లేదని. అక్కడే మొదటి ఎదురుదెబ్బ. చిరునామా మారిందని గూగుల్‌కి చెప్పే పరికరం ఒకటి సెర్చ్ కన్సోల్‌లోనే ఉంది. పాతదీ కొత్తదీ రెండూ మనవేనని రుజువు చూపిస్తేనే అది పనిచేస్తుంది. పాత సైటు రుజువు ఒక చిన్న ఫైలు రూపంలో ఉండేది. నేను అన్ని చిరునామాలతో పాటు ఆ ఫైలుని కూడా కొత్త చోటికి మళ్లించేశాను! ఇంటి పత్రాలు పెట్టెలో పెట్టి, ఆ పెట్టెతో సహా ఇల్లు ఖాళీ చేసినట్టయింది. డీఎన్ఎస్‌లో రుజువు లైను పెట్టాక గానీ కుదరలేదు. మిగిలినవాటికి ముందే అలా పెట్టుకున్నాను. జులై 29 నాటికి ఐదూ మారిపోయాయి.

మొదటి రెండు వారాలు ర్యాంకులు ఊగుతాయని తెలుసు. ఓ మోస్తరు సైటు కొత్త చిరునామాతో గూగుల్‌లో కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకని రోజూ చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అదే తప్పయింది.

ఆగస్టు పదిహేను దాటాక ఒక మధ్యాహ్నం అత్తయ్య ఫోను పట్టుకుని దుకాణానికి వచ్చింది. మామూలుగా రాదు. "ఏట్రా ఇది?" అని ఫోను బల్ల మీద పెట్టింది. ఊరమిరపకాయలు ఎలా పెట్టాలో తను చెప్పిన పేజీ ఉంది. మజ్జిగలో ఎన్ని రోజులు నానాలి, మబ్బు పట్టిన రోజు ఏం చేయాలి, అన్నీ ఉంటాయి. తెలుగులో వెతికితే ఎప్పుడూ పైనే ఉండేది. ఇప్పుడు రెండో పేజీలో ఎక్కడో ఉంది, పేరు కింద ఉండాల్సిన రెండు లైన్ల వివరం కూడా లేదు. ఈ పేజీ గురించి సమాచారం అందుబాటులో లేదు అన్న అర్థంలో ఒక్క వాక్యం ఉంది, అంతే. "నేను చెప్పిందంతా ఎటు పోనాది?" అంది.

ఎటూ పోలేదు. నేనే తలుపేశాను. కొత్త సైటు తయారవుతుండగా గూగుల్ చూడకూడదని రోబోట్స్ ఫైలులో అంతా నిషేధం అని ఒక లైను రాసిపెట్టాను. తయారయ్యాక తీసేయాలి. పట్టు సైట్ల దగ్గర తీసేశాను. అసలు డొమైన్ రోబోట్స్ ఫైలు తెరిచి చూసి, బాగానే ఉందనుకున్నాను. కానీ ప్రతి సబ్‌డొమైన్‌కీ ఆ ఫైలు దేనికదే విడిగా ఉంటుంది. ఇంటి ముఖద్వారం తెరిచి ఉందని చూసుకుని, పెరటి తలుపుకి వేసిన తాళం మర్చిపోయాను. పాత పేజీ నుంచి రీడైరెక్టు పట్టుకుని గూగుల్ వచ్చేది, కొత్త గుమ్మం దగ్గర ఆగిపోయేది. పద్దెనిమిది రోజులు అలాగే ఉంది.

ఆ లైను తీసి, సైట్‌మ్యాప్ (పేజీల జాబితా) గూగుల్‌కి మళ్లీ పంపించి, ముఖ్యమైన పేజీలని ఒక్కొక్కదాన్నీ ఇండెక్స్ చేయమని, అంటే తన ఫలితాల్లో చేర్చుకోమని, అడిగాను. ఆవిడకి ఇదంతా చెప్పడానికి నోరు రాలేదు. "నా తప్పే అత్తయ్యా" అన్నాను. "అది తెలుస్తూనే ఉంది గానీ, ఎప్పటికి సరవుద్ది?" అంది.

సరిగ్గా అదే చెప్పలేకపోయాను. ఆగస్టు 22న గూగుల్ ఒక కోర్ అప్‌డేట్ (ఫలితాల వరుస తేల్చే పద్ధతిలో పెద్ద మార్పు) మొదలుపెట్టింది, సెప్టెంబరు 7 దాకా నడిచింది. ఆ తర్వాత వారానికే 'హెల్ప్‌ఫుల్ కంటెంట్' పేరుతో ఇంకో రకం అప్‌డేట్. అక్టోబరులో మరో కోర్ అప్‌డేట్. ఏ రోజు పడింది నా తాళం వల్లో, ఏ రోజు పడింది వాళ్ల మార్పు వల్లో విడదీయడానికి నాకు దారి లేదు. చుట్టాలందరూ వచ్చిన రోజున ఇంట్లో ఉంగరం పోతే ఎవర్ని అడుగుతాం? సైటు మార్పు పెట్టుకున్నవాళ్లు కోర్ అప్‌డేట్ రోజుల్లో గ్రాఫు చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి. నేను తీసుకోబోయి, రాత్రి పదకొండింటికి రీడైరెక్టులు వెనక్కి తీసేద్దామా అనుకున్నాను. తీసేసి ఉంటే గూగుల్‌కి రెండోసారి తికమక పెట్టేవాణ్ని.

పట్టు వైపు కథ వేరు. అక్కడ ఏ తప్పూ చేయలేదు, అయినా ఒకటి పోయింది. ఇంతకుముందు 'బరంపురం పట్టు జోడా' అని వెతికితే మొదటి పేజీలో మావి మూడు కనిపించేవి. అసలు సైటు, పట్టు సైటు, జోడా సైటు. మావయ్య ఆ స్క్రీన్‌షాట్ ఫోనులో దాచుకుని అందరికీ చూపించేవాడు. కలిపాక రెండే కనిపిస్తున్నాయి. 2019 జూన్ నుంచి గూగుల్ ఒకే సైటు నుంచి మామూలుగా రెండుకి మించి పైన చూపించడం లేదు. సబ్‌డొమైన్లని కూడా చాలావరకు అసలు డొమైన్ కిందే లెక్కేస్తుంది. విడిగా ఉన్నప్పుడు మూడు దుకాణాలుగా కనిపించినవాళ్లం, కలిశాక ఒక్క దుకాణమయ్యాం. ఉన్నది ఒక్క దుకాణమే కాబట్టి గూగుల్ చేసింది న్యాయమేనని నా అభిప్రాయం. మావయ్య మాత్రం మూడు కుర్చీల్లో ఒకటి ఎవరో లాక్కున్నట్టు బాధపడ్డాడు. చిత్రం ఏమిటంటే క్లిక్కులు తగ్గలేదు. మూడిట్లో పంచుకున్న జనం రెండిట్లోకి వచ్చారు, అంతే.

బ్రాంచీల సబ్‌డొమైన్లు నాకు సిగ్గు తెప్పించాయి. రెండిట్లో పేజీలు ఒకటే, ఊరి పేరు తప్ప. విడి డొమైన్లుగా ఉన్నప్పుడూ అంతే. ఒకే సరుకుకి ఊరికొక సైటు పెట్టి అందర్నీ ఒక్క చోటికే చేర్చడాన్ని గూగుల్ మోసపు గుమ్మాల కింద లెక్కేస్తుంది. 2015లో వాటి మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టింది. మాకు శిక్షేమీ పడలేదు, ఎవరూ పట్టించుకోనంత చిన్నవాళ్లం కాబట్టి కావచ్చు. కానీ ఒకే డొమైన్ కిందికి రాగానే రెండూ ఒకదాని నకలని గూగుల్ తేల్చేసి, రాయగడ పేజీని పక్కన పెట్టి పర్లాకిమిడిదే అసలుదిగా ఎంచుకుంది. సెర్చ్ కన్సోల్‌లో ఆ మాట స్పష్టంగా కనిపిస్తుంది. రాయగడ ఆవిడొకరు ఫోన్ చేసి, మీ కొట్టు పర్లాకిమిడికి మార్చేశారా అని అడిగారు.

అక్టోబరు మొదట్లో ఆ రెండు సబ్‌డొమైన్లూ ఎత్తేశాను. అసలు సైటులో బ్రాంచికొక్క పేజీ పెట్టాను. బస్టాండు నుంచి ఎలా రావాలి, మధ్యాహ్నం ఎన్నింటికి మూస్తాం, అక్కడ ఉండే సరుకేమిటి, కొట్టు ముందు నిలబడి తీసిన ఫోటో. పర్లాకిమిడి పేజీకి సర్కారు రాసే పేరు పెట్టాలా, మనం పిలిచే పేరు పెట్టాలా అని కాసేపు ఆలోచించి, రెండూ పెట్టాను. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు పోరాడింది ఆ ఊళ్లో పాఠాలు చెప్తూనే కదా, జనం అనే మాట వదిలేస్తే ఆయన ఊరుకుంటారా! పాత డొమైన్ నుంచి సబ్‌డొమైన్‌కీ, అక్కడి నుంచి ఈ పేజీకీ రెండు గెంతులు కాకుండా, పాతదాన్నుంచి నేరుగా కొత్త పేజీకి తిప్పాను. మొత్తం ఈ వ్యవహారంలో సెర్చ్‌లో నిజంగా పెరిగినవి ఈ రెండు పేజీలే. కలపడం వల్ల పెరగలేదు. చెత్త తీసి రాయాల్సింది రాయడం వల్ల పెరిగాయి. ఆ పని పాత డొమైన్లలోనే చేసి ఉన్నా పెరిగేవేమో.

ఇంక అయిపోయింది అనుకున్నాను. దసరా వెళ్లిన వారానికి, అంటే దీపావళి సరుకు కోసం జనం అప్పడాలు అడిగే రోజుల్లో, అప్పడాల సైటుకి రోజూ వచ్చే జనం ఒక్కసారిగా సగమయ్యారు. ర్యాంకులు చూస్తే కదల్లేదు. రోబోట్స్ ఫైలు మూడుసార్లు చూశాను. ఒక గంట తల బద్దలుకొట్టుకున్నాక, అప్పడాల ప్యాకెట్ ఒకటి తీసి దాని మీది, పాత చిరునామాకే వెళ్లే క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాను. ఫోను నిండా ఎర్ర హెచ్చరిక. మీ కనెక్షన్ సురక్షితం కాదు, మీ వివరాలు దొంగిలించవచ్చు, వెనక్కి వెళ్లండి.

పాత డొమైన్లని రీడైరెక్టు కోసం ఒక చౌక సర్వర్ మీద పెట్టాను. వాటి సర్టిఫికెట్ (సైటు కనెక్షన్ సురక్షితమని బ్రౌజర్‌కి చూపించే పత్రం) లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ నుంచి జులై 29న చేత్తో తీసుకున్నాను. అది ఉచితం, గడువు 90 రోజులు. చేత్తో తీసుకున్నది దానంతటది రెన్యువల్ కాదు. అక్టోబరు చివరికి గడువు తీరింది. సర్టిఫికెట్ చచ్చిపోతే బ్రౌజర్ గుమ్మం దగ్గరే ఆపేస్తుంది, రీడైరెక్టు దాకా మనిషి వెళ్లనే వెళ్లడు. గడువు దగ్గర పడుతోందని మెయిళ్లు వచ్చాయట, పాత కుర్రాడి చిరునామాకి. అతను అప్పటికి భువనేశ్వర్‌లో వేరే ఉద్యోగంలో ఉన్నాడు. (ఆ హెచ్చరిక మెయిళ్లు పంపడం కూడా 2025 జూన్‌లో ఆపేశారు, ఇప్పుడు ఎవరికి వాళ్లే చూసుకోవాలి.) ఆ సాయంత్రమే దానంతటది రెన్యువల్ అయ్యేలా పెట్టాను. నాలుగు రోజుల అమ్మకం పోయింది. అత్తయ్యకి ఈసారి నేనే వెళ్లి చెప్పాను.

ఏడాది తర్వాత లెక్క ఇదీ. అత్తయ్య సైటు రోజుకి నలభై క్లిక్కుల నుంచి ఆరుకి పడి, డిసెంబరుకి ముప్ఫై దాటి, మరుసటి వేసవిలో, ఊరమిరపకాయలు పెట్టే రోజుల్లో, పాత చోటికి చేరింది. పట్టు వైపు దాదాపు ఎక్కడిదక్కడే. ధరలు ఒక్క చోట మారిస్తే చాలు, నాకు అసలు లాభం అదే. ఇప్పుడు చేయమంటే పట్టు సైట్లన్నీ ఫోల్డర్లుగా పెడతాను, అత్తయ్య డొమైన్ జోలికి వెళ్లను. చీరలు కొనేవాళ్లూ పచ్చడి ఎలా పెట్టాలో వెతికేవాళ్లూ ఒకరు కాదు. ఆ రెండిటినీ ఒక పేరు కిందికి తేవడం వల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

డబ్బు మిగిలిందా అంటే అదీ లేదు. రీడైరెక్టులు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెప్తుంది. ఏడాదయ్యాక మావయ్య "ఇంక ఆ పాతవి వదిలేద్దామా?" అన్నాడు. వదిలితే ఇంకెవడో కొంటాడు, మన పేరు మీద వాడేం అమ్ముతాడో తెలియదని చెప్పి ఆపాను. ఇంకా నమ్మకం కలగకపోతే గోదాములోకి తీసుకెళ్లి పాత చిరునామా ఉన్న అప్పడాల కవర్లు చూపించేవాణ్నే గానీ, అవసరం పడలేదు. ఆ వారమే అప్పడాల కవర్లు ప్రింటింగ్ నుంచి వచ్చాయి. కొత్త చిరునామాతో వేయించమని నేనిచ్చిన కాగితం బల్ల సొరుగులోనే ఉండిపోయింది. ప్రెస్సువాళ్లు పాత బ్లాకుతోనే పదివేలు కొట్టేశారు. అత్తయ్య ఒక కవరు తీసి వెలుతురుకి పెట్టి చూసి, "రంగు బాగా వచ్చింది" అంది. నేను ఫోనులో సర్టిఫికెట్ గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకున్నాను.